పొడపత్రి పొడితో నాన్న షుగర్ పది రోజుల్లో దిగిపోయింది. సంతోషించాలా, భయపడాలా?

నరసరావుపేట అమ్మాయి:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మా నాన్నకి 68. బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. షుగర్ వచ్చి పదకొండేళ్లయింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మెట్‌ఫార్మిన్ 500, దాంతోపాటు పొద్దున గ్లిమిపిరైడ్ 1 మిల్లీగ్రాము. పరగడుపున ఎప్పుడు చూసినా 140, 160 మధ్యే ఉండేది. మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) పోయినసారి 8.1 వచ్చింది. డాక్టరుగారు డోసు పెంచుతానంటే ఈయన "ఆ బిళ్లలు కిడ్నీలు తినేస్తాయంట" అని వాయిదా వేస్తూ వచ్చారు. ఆ "అంట" వాట్సాప్‌లోది.

మూడు వారాల కిందట వాకింగ్ స్నేహితుడు ఒకాయన ఒక పొడి తెచ్చిచ్చారు. పొడపత్రి, నేరేడు గింజలు, కాకరకాయ, మెంతులు, తిప్పతీగ కలిపిందట. అరకిలో 900 రూపాయలు. రోజూ తెల్లవారుజామున ఐదింటికి ఒక చెంచా నోట్లో వేసుకుని, చప్పరించి, వేడినీళ్లు తాగాలట. ఆ రోజు నుంచి మాత్రలన్నీ మానేశానని నాన్న ఇప్పుడు చెబుతున్నారు. అమ్మకి కూడా తెలియదు. ఐదో రోజుకి పరగడుపున 96. తొమ్మిదో రోజు 81. ఆయన సంబరం చూడాలి, మిషన్ ఫొటో తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు.

మొన్న ఆదివారం వాకింగ్‌లో ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, టీ కొట్టు బల్ల మీద కూలబడ్డారు. కొట్టతను తెలివైనవాడు, గుప్పెడు పంచదార తీసి నోట్లో పోశాడు. నాన్న దాన్ని ఉమ్మేసి "ఇసుక పోశావేంట్రా" అన్నారట. అతను పక్షవాతమేమోనని భయపడి ఆటోలో ఇంటికి తెచ్చాడు. మిషన్‌లో చూస్తే 58. అమ్మ గ్లాసు నీళ్లలో నాలుగు చెంచాల పంచదార కలిపి పట్టిస్తే "వట్టి నీళ్లు ఎందుకిస్తున్నావు" అన్నారు. బలవంతాన తాగించాక పావుగంటకి తేరుకున్నారు. తేరుకున్నాక అన్న మొదటి మాట, "చూశావా, మందు ఎంత బలంగా పనిచేస్తోందో."

నేను మియాపూర్‌లో ఉంటాను. ఫోన్‌లో ఎంత చెప్పినా వినడం లేదు. ఇది పొడి వల్లేనా? తీపి తెలియకపోవడం ఏంటి, నరాల సమస్యా? మా తమ్ముడేమో "ఊరి పొడి ఎందుకు, ఆన్‌లైన్‌లో 75 శాతం ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్స్ దొరుకుతున్నాయి, అవి వాడదాం" అంటున్నాడు. అది మంచిదేనా? ఇంట్లో ఎవరైనా వాడినవాళ్లుంటే చెప్పండి.

కడియం బాబాయ్:

అమ్మాయ్, కంగారు పడకు. షుగర్ తగ్గితే మంచిదే కదా. మా కడియం నర్సరీల్లో ఇన్సులిన్ మొక్క అని అమ్ముతాం, కుండీ 60 రూపాయలు. రోజూ రెండు ఆకులు నమలమను. నేను ఎనిమిదేళ్ల నుంచి నములుతున్నా, నా షుగర్ 130 దాటదు. బిళ్లలు కూడా వేసుకుంటాలే, అది వేరే సంగతి.

పాత కెమిస్ట్:

అమ్మా, ముందు ఇది చదివి నాన్నగారికి ఫోన్ చెయ్యి, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకో. ఆ పొడి ఈ రాత్రి నుంచే ఆపించు. రేపు డాక్టరు దగ్గరికి పంపించు, పొడి ప్యాకెట్టు, మాత్రల అట్టలు అన్నీ సంచిలో వేసి ఇచ్చి మరీ పంపించు. 58 అంటే ఆట కాదు. నిద్రలో వచ్చి ఉంటే టీ కొట్టతను పక్కన ఉండడు.

ఇక తీపి సంగతి. అది నరాల జబ్బు కాదు, భయపడకు. పొడపత్రి చేసే పనే అది. హిందీలో దాన్ని గుడ్‌మార్ అంటారు, అంటే బెల్లాన్ని చంపేది. ఆ ఆకులో జిమ్నెమిక్ ఆసిడ్లు అని ఉంటాయి. అవి నాలుక మీద తీపిని పట్టే చోట అతుక్కుని కూర్చుంటాయి. అరగంటో, ఇంకొంచెం ఎక్కువో, పంచదార నోట్లో పోస్తే ఇసుకే. నాన్నగారు ఆ పొడిని చప్పరించి వాకింగ్‌కి వెళ్లారు, అందుకే టీ కొట్టతను తిట్లు తిన్నాడు. నాలుకకి తెలియకపోయినా పంచదార రక్తంలోకి పోతుంది. మీ అమ్మగారు బలవంతంగా తాగించడం చాలా మంచి పని. కానీ దీంట్లో ఒక ప్రమాదం ఉంది చూడు: షుగర్ పడిపోయిన మనిషికి బుర్ర సరిగ్గా పనిచేయదు, పైగా ఇచ్చింది తియ్యగా లేదు, అలాంటివాడు తోసేస్తాడు, ఉమ్మేస్తాడు.

ఇదంతా నాకెలా తెలుసంటే, హైదరాబాద్ శివార్లలో మూలికల ఎక్స్‌ట్రాక్ట్ ఫ్యాక్టరీలో 22 ఏళ్లు క్వాలిటీ కంట్రోల్‌లో చేశాను. పొడపత్రి బస్తాలు దిగితే మొదటి పరీక్ష మిషన్లతో కాదు, మా నోటితోనే. ఒక్కో బస్తాకి ఒక్కొక్కరం రెండు ఎండాకులు తీసి నిమిషం పాటు నమలడం, ఉమ్మేయడం, పంచదార చిటికెడు వేసుకోవడం. తియ్యగా ఉంటే బస్తా వెనక్కి. అది పొడపత్రి కాదు, లేదా తడిసి బూజు పట్టిన సరుకు. ఎండాకాలంలో లారీ వచ్చిన రోజు మధ్యాహ్నం క్యాంటీన్లో బంగినపల్లి ముక్క పెడితే చింతకాయ తిన్నట్టుండేది నాకు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. పొడపత్రికి ఏ గుణమూ లేదని నేననను. మద్రాసులో 1990లో దీని సారంతో పని చేశారు. 22 మంది షుగర్ రోగులకి రోజుకి 400 మిల్లీగ్రాముల చొప్పున, వాళ్ల మాత్రలతో పాటే, ఏడాదిన్నర పైగా ఇచ్చారు. వాళ్లలో ఐదుగురు మాత్రలు మానేయగలిగారు. బాగుంది కదా? కానీ 22 మందే, మందు లేని ఉత్త బిళ్ల ఇచ్చి పోల్చి చూసింది కూడా కాదు. పైగా ఎన్నాళ్లు పట్టిందో చూడు, నెలలకి నెలలు. ఐదు రోజుల్లో 150 నుంచి 96కి ఏ ఆకూ దింపదు. అంత వేగం చూస్తే నా పాత ఉద్యోగం గుర్తొచ్చి ఒళ్లు జలదరిస్తుంది.

ఎందుకంటే ఒకసారి బయటి పార్టీ ఒకరు మా ల్యాబ్‌కి షుగర్ పొడి శాంపిల్ ఇచ్చారు, దీన్లో పనిచేసేది ఏమిటో కనుక్కోమని. గాజు పలక మీద ఆ పొడి సారం ఒక చుక్క, పక్కన గ్లిబెన్‌క్లమైడ్ అనే పాత షుగర్ మాత్ర చుక్క పెట్టి, ద్రావకంలో నిలబెట్టాం. ఆకుల సారమైతే పలక పొడుగునా పచ్చ, పసుపు, గోధుమ రంగు చారలు వస్తాయి, చీర అంచులా ఉంటుంది. అవన్నీ వచ్చాయి. కానీ అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టేసరికి చారల మధ్యలో ఒక నల్లటి మచ్చ, పక్కన మేం పెట్టిన మాత్ర మచ్చకి సరిగ్గా అదే ఎత్తులో. మా కుర్రాడు "సార్, ఇదే సార్ పనిచేసే మూలిక" అన్నాడు.

సింగపూర్‌లో 2008లో ఇదే మందు కల్తీ జరిగింది. అవి షుగర్ మందులు కూడా కాదు, మగతనానికని దొంగచాటుగా అమ్మిన మాత్రలు. ఐదు నెలల్లో 150 మంది షుగర్ పడిపోయి ఆసుపత్రిలో చేరారు, నలుగురు చనిపోయారు. మీ పొడిలో అదే ఉందని నేననడం లేదు. ప్యాకెట్ మీద తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారు చేసినవాళ్ల చిరునామా ఉన్నాయేమో చూడు. లేకపోతే అది మందు కాదు, పొట్లం. ఇంకో మాట, "షుగర్ నయం చేస్తాం" అని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో నేరం.

ఇంకొకటి కచ్చితంగా కనుక్కో. ఆయన నిజంగా మాత్రలన్నీ మానేశారా? నా అనుమానం నాకుంది. మాత్రల అట్టలు లెక్కపెట్టించు.

మీ తమ్ముడికి జవాబు. 75 శాతం అని సీసా మీద రాస్తారు కదా, అది ఎలా కొలిచారో అడగమను. సారాన్ని నీళ్లలో కరిగించి ఆసిడ్ పోస్తే ముద్ద విరుగుతుంది. దాన్ని వడకట్టి, ఆరబెట్టి, తూచి, ఇదంతా జిమ్నెమిక్ ఆసిడే అని రాసేస్తారు. ఆ ముద్దలో పనికొచ్చేదీ ఉంటుంది, రానిదీ ఉంటుంది. అదే సరుకుని ఒక్కో పదార్థాన్నీ విడదీసి కొలిచే పెద్ద మిషన్‌లో, హెచ్‌పీఎల్‌సీలో, పెడితే అంకె బాగా కిందికి దిగుతుంది. రెండూ అబద్ధం కాదు, కొలిచే పద్ధతి వేరు. ధర మాత్రం పెద్ద అంకెకే పలుకుతుంది. ఇంకా నవ్వొచ్చేది చెప్పనా? సారాన్ని చిక్కబరిస్తే జిగురు పాకంలా ఉంటుంది, స్ప్రే డ్రయ్యర్ గోడలకి అంటుకుపోతుంది. అంటుకోకుండా మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు. మా దగ్గర ఐదో వంతు దాకా కలిపిన రోజులున్నాయి. అదేమిటో తెలుసా, గ్లూకోజ్ గొలుసులే. షుగర్ క్యాప్సూల్‌లో షుగరు! అర గ్రాము క్యాప్సూల్‌లో అది ఏ మూలకి, దాంతో ఎవరి షుగరూ పెరగదు. కానీ ఆ సంగతి తెలిశాక ఆ సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ చూస్తే నాకు నవ్వాగదు.

బాబాయ్ గారూ, మీ మొక్క అందమైనదే. ఆ ఆకులో ఇన్సులిన్ మాత్రం లేదండీ. ఉన్నా నమిలి మింగితే కడుపులో పప్పు అరిగినట్టు అరిగిపోతుంది. అందుకే కదా ఇన్సులిన్ సూదితో ఇస్తారు.

ప్రకృతి ప్రేమికుడు:

పైన పెద్దాయన ఇంగ్లిష్ మందుల కంపెనీల తరఫున మాట్లాడుతున్నట్టుంది. మన పూర్వీకులకి మాత్రలున్నాయా? మెంతులు, కాకరకాయ, వేప తిని నూరేళ్లు బతికారు. కెమికల్స్ మింగడం కంటే ఆకులు నమలడం నయం. తంగేడు పూల టీ తాగమనండి, అన్నీ సర్దుకుంటాయి.

పాత కెమిస్ట్:

తమ్ముడూ, కోపం వద్దు. నేను బతికిందే ఆకుల మీద.

నువ్వు కెమికల్ అంటున్న మెట్‌ఫార్మిన్ పుట్టింది ఒక మొక్క నుంచే. యూరప్‌లో గలేగా అనే పప్పుజాతి మొక్క ఉంది, ఊదారంగు పూలు. దాంట్లో గలేజిన్ అనే పదార్థం షుగర్ తగ్గిస్తుంది, కానీ విషం కూడా. దాని పోలిక ఉన్న ఇంకో అణువుని 1922లో డబ్లిన్‌లో తయారు చేశారు. ముప్ఫై ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1957లో పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టరు దాన్ని షుగర్ రోగులకి ఇచ్చి చూశాడు. ఆ బిళ్లే నాన్నగారు మానేసింది. ఈమధ్య డాక్టర్లు ఎక్కువగా రాస్తున్న డపాగ్లిఫ్లోజిన్ ఉంది కదా, దాని మూలం ఆపిల్ చెట్టు బెరడు. ఆ బెరడులోంచి ఫ్లోరిజిన్ తీసింది 1835లో. అది ఇస్తే మూత్రంలో చక్కెర పోతుందని కనిపెట్టింది 1886లో. దాన్ని మనిషి మింగగలిగే మాత్రగా మార్చడానికి ఇంకో వందేళ్ల పైనే పట్టింది. అంటే మొక్కలో ఏదో ఉందని తెలియడం పావు వంతు పని. ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, రోజూ అదే బలం ఎలా వస్తుంది, మిగతా ముప్పావు అదే.

మెంతులంటావా, వాటికి నేను ఓటేస్తాను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1990లో రాశారు. ఇన్సులిన్ మీద ఉన్న రోగులకి పది రోజులు ఇస్తే మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. కానీ ఎంత ఇచ్చారో తెలుసా? నూనె తీసిన మెంతి పొడి రోజుకి 100 గ్రాములు, మధ్యాహ్నం సగం, రాత్రి సగం. మనం రాత్రి నానబెట్టి పొద్దున మింగే చెంచా మెంతులు ఐదు గ్రాములుంటాయేమో. చెంచా మెంతులు మంచివే, నేనూ తింటాను. వాటిలోని జిగురు పీచు అన్నం అరిగే వేగాన్ని తగ్గిస్తుంది. దాన్ని చూపించి బిళ్ల మానెయ్యకు, అంతే.

కాకరకాయకీ అదే కథ. థాయ్‌లాండ్‌లో 2011లో ఎండు కాకరకాయ రోజుకి 2 గ్రాములు ఇచ్చి, పక్కన ఇంకో గుంపుకి మెట్‌ఫార్మిన్ 1000 మిల్లీగ్రాములు ఇచ్చి నాలుగు వారాలు చూశారు. కాకర కొంత తగ్గించింది, మెట్‌ఫార్మిన్ అంత కాదు. బెంగళూరులో దొండ జాతి మొక్క సారం రోజుకి ఒక గ్రాము చొప్పున కొత్తగా షుగర్ వచ్చినవాళ్లకి 90 రోజులిస్తే పరగడుపు షుగర్ 16 శాతం తగ్గింది, ఉత్త బిళ్ల వాళ్లలో అంత తగ్గలేదు. 60 మందితో చేసింది. ఇలాంటివి చదివితే నాకు సంతోషమే. ఇంకా పెద్దగా చేస్తే బాగుండని ఉంటుంది.

మన బిళ్లగన్నేరు ముచ్చట చెప్పి ఆపుతాను. దాని ఆకు కూడా షుగర్‌కి నములుతారు కదా మనవాళ్లు. జమైకాలో కూడా ఆ ఆకు టీ తాగేవాళ్లు. 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు ఆ సంగతి పరీక్షిద్దామని ఎలుకలకి ఆ సారం పట్టించారు. షుగర్ ఏమీ తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే ఎలుకలు చీము పట్టి చచ్చిపోయాయి. ఎందుకా అని చూస్తే తెల్లరక్తకణాలు అడుగంటాయి. అలా దొరికింది విన్‌బ్లాస్టిన్, క్యాన్సర్ మందు. షుగర్‌కి మంచిదని ఇంటి ముందు గుత్తిగా నాటుకున్న మొక్కలో ఉన్నది అది. ఇంకోసారి ఎవరైనా "ఆకే కదా, ఏం చేస్తుంది" అంటే ఆ ఎలుకలు గుర్తుకు రావాలి.

ఆయుర్వేదం డాక్టరమ్మ:

నేను గుంటూరు జిల్లాలో పదిహేనేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. పాత కెమిస్ట్ గారితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్కచోట తప్ప. ఆయన ప్రతిదాన్నీ ఒక్క పదార్థంగా విడదీసి శాతాల్లో చూస్తారు. మేం అలా చూడం. పొడపత్రి ఆకు చూర్ణానికి మోతాదు ఉంటుంది, కషాయానికి వేరే మోతాదు ఉంటుంది. ఫ్యాక్టరీ సారానికి మా పుస్తకాల్లో మోతాదే లేదు, ఎందుకంటే అది మా మందు కాదు. కాబట్టి ఆ క్యాప్సూల్ పనిచేయకపోతే ఆయుర్వేదాన్ని అనకండి, పనిచేసినా మాకు దండ వెయ్యక్కర్లేదు.

అమ్మాయి గారూ, మీ నాన్నగారు సన్నగా ఉంటారా, లావుగానా? ఇది ఎవరూ అడగలేదు. బక్కపలచటి షుగర్ మనిషికి, పొట్ట ఉన్న షుగర్ మనిషికి వైద్యం ఒకటి కాదని మా శాస్త్రం మొదటి నుంచీ చెబుతోంది. బక్కవాళ్లకి బలం ఇవ్వాలి, ఎండగట్టకూడదు. ఒకే పొడి వాకింగ్ గుంపు మొత్తానికి పంచడం ఆయుర్వేదం కాదు, అది పిండి మర. నా దగ్గరికి వచ్చేవాళ్లకి పసుపు, ఉసిరిక కలిపి ఇస్తాను, కానీ వాళ్ల మాత్రలు ఆపను. షుగర్ రాయించుకుని, ఆ మాత్రలు రాసిన డాక్టరుకి చూపించి, తగ్గించాలంటే ఆయన చేతే తగ్గింపిస్తాను.

తిప్పతీగ సంగతి కూడా చెప్పాలి. ముంబైలో 2021లో అది వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిందని డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ, అది అసలు తిప్పతీగ కాకుండా దాని చుట్టం మొక్క అయ్యుండొచ్చంది. ఆ వాదన నేనూ విన్నాను. కానీ పొట్లంలో పొడి అయిపోయాక అది ఏ తీగో మీ నాన్నగారికి ఎవరు చెబుతారు? నేను కూడా చెప్పలేను. రక్తపరీక్షల్లో లివర్‌వి కూడా చేయించండి.

కడియం బాబాయ్:

డాక్టరమ్మా, మరి సొరకాయ రసం? మా ఆవిడ రోజూ పొద్దున పట్టిస్తోంది.

ఆయుర్వేదం డాక్టరమ్మ:

ముందు ఒక ముక్క కొరికి చూడండి. చేదుగా ఉంటే మొత్తం పారెయ్యండి, గొడ్డుకి కూడా వెయ్యకండి. ఢిల్లీలో 2010లో షుగర్ ఉన్న ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి చనిపోయారు. ఆ తర్వాత ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. చేదంటే గుణమని మనవాళ్లకో నమ్మకం. కాకరకి చేదు సహజం. సొరకాయకి చేదు విషం.

నరసరావుపేట అమ్మాయి:

ఆలస్యానికి క్షమించండి. ఆ రాత్రే బస్సెక్కి ఊరు వెళ్లాను. అందుకే నాలుగు రోజులు కనిపించలేదు.

పాత కెమిస్ట్ గారూ, మీ అనుమానం నిజం. అమ్మ మందుల డబ్బా బోర్లించి అట్టలు లెక్కపెట్టాం. మెట్‌ఫార్మిన్ అట్టలు ముట్టుకోలేదు. గ్లిమిపిరైడ్ అట్టలో మాత్రం రోజుకొకటి చొప్పున ఖాళీ. నిలదీస్తే "మానేసింది ఆ పెద్ద బిళ్లలే, ఈ చిన్నది పెసరబద్దంత కూడా లేదు, అదేం చేస్తుంది" అన్నారు. అదీ ఎప్పుడు వేసుకుంటున్నారు? తెల్లవారుజామున ఐదింటికి, పొడితో పాటే. తర్వాత గంటన్నర నడక. టిఫిన్ ఎనిమిదింటికి. ఇదివరకు అమ్మ ఇడ్లీ పళ్లెంలో పెట్టి పక్కన మాత్ర పెట్టేది, పొడి వచ్చాక "నా మందులు నేనే చూసుకుంటా" అని డబ్బా తన గదిలోకి తీసుకెళ్లారట.

డాక్టరుగారు కోప్పడలేదు. నాకు అదే ఆశ్చర్యం. పొడి చేతిలో పోసుకుని వాసన చూశారు. ప్యాకెట్ మీద ఏమీ లేదు, పెన్నుతో "షుగర్" అని రాసి ఉంది. పొడి ఆపమన్నారు. చిన్న బిళ్ల టిఫిన్ ముందు తప్ప ఎప్పుడూ వేసుకోకూడదన్నారు, జేబులో గ్లూకోజ్ పొట్లం లేకుండా వాకింగ్‌కి వెళ్లొద్దన్నారు. క్రియాటినిన్, లివర్ పరీక్షలు రెండూ చేయించారు, బాగానే ఉన్నాయి. అది చూపించి "మీ కిడ్నీలు ఎవరూ తినలేదండీ, ఇదిగో" అన్నారు. నాన్న ఆ కాగితం తీసుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

పొడి ఆపిన మూడో రోజుకి పరగడుపున 188. మెట్‌ఫార్మిన్ మళ్లీ మొదలుపెట్టాం, నిన్న 161. అంటే ఆ పొడి ఏదో చేస్తోందన్నది నిజమే. ఆకు చేసిందా, ఆకులో దాక్కున్నది చేసిందా తెలియదు. పరీక్షకి ఇద్దామనుకునేలోపు నాన్న ప్యాకెట్‌ని స్నేహితుడికి తిరిగి ఇచ్చేశారు. డబ్బులు వెనక్కి అడిగారు కూడా, ఇంకా రాలేదు. ఆ స్నేహితుడికీ ఈ పోస్టు మొత్తం చదివి వినిపించాను, బల్ల మీద కూర్చోబెట్టి. ఆయన వేసుకునేదీ ఆ చిన్న బిళ్లేనట.

డాక్టరమ్మ గారూ, నాన్న బక్కగానే ఉంటారు. గత ఏడాది నాలుగు కిలోలు తగ్గారు. మీరు అడక్కపోతే ఆ మాట డాక్టరుకి చెప్పాలని మాకు తోచేది కాదు.

పాత కెమిస్ట్:

నాలుగు కిలోల సంగతి చెప్పావు, అదే ఈ మొత్తంలో పెద్ద పని. బిళ్ల సమయం కూడా దొరికింది. నా గాజు పలక కథ విని పొడిలో కల్తీ ఉందనే నువ్వు తేల్చేసుకుంటావేమోనని నాకు లోపల పీకుతూనే ఉంది. గ్లిమిపిరైడ్ వేసుకుని, ఏమీ తినకుండా గంటన్నర నడిస్తే కల్తీ లేకపోయినా 58 రావచ్చు. అయినా ఆ స్నేహితుడి దగ్గర ప్యాకెట్ ఇంకా ఉంటే రెండు చెంచాలు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి అందేలా చూడు. మీ నాన్నగారి కోసం కాదు, ఆ వాకింగ్ గుంపు కోసం.

నరసరావుపేట అమ్మాయి:

అలాగేనండీ, సోమవారం తమ్ముడు వెళ్తున్నాడు.

చివరిగా ఒకటి. నాన్న పొడి మానేశారు గానీ పెరట్లో పొడపత్రి తీగ ఒకటి నాటారట, ఆ సంగతి ఇప్పుడే బయటపడింది. కంచె మీదికి ఎక్కించారు. మందుకి కాదు, మా వాడి కోసమంట. నిన్న సాయంత్రం మా ఆరేళ్ల వాడి చేత ఆకు నమిలించి, ఉమ్మించి, బూందీ లడ్డూ చేతిలో పెట్టారు. వాడు కొరికి, తాతయ్య మొహం చూసి, లడ్డూ తీసుకెళ్లి మళ్లీ డబ్బాలో పెట్టేసి వచ్చి "తాతయ్యా, అమ్మమ్మ పంచదార వెయ్యడం మర్చిపోయింది" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని బయటికి వచ్చింది.